బంకమట్టి బొమ్మల పాత ఆట ఇప్పుడు ఆడటం ఎలా? పునర్విడుదలల్లో ఆ వేలిముద్రలు మిగులుతాయా?

వైనతేయ, పి.గన్నవరం దగ్గర లంక గ్రామం

అందరికీ నమస్కారం. ఒక పాత సీడీ గురించి, దానితోపాటు చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ఒక సందేహం గురించి అడగదలచుకున్నాను. కొంచెం పొడవుగానే ఉంటుంది, ఓపికతో చదవగలరు.

1999లో మా పెదనాన్నగారి అబ్బాయి హైదరాబాదులో చదువు ముగించుకొని వస్తూ వెంట ఒక కంప్యూటర్ తెచ్చుకున్నాడు. మా ఊళ్లో అది రెండోదో మూడోదో అయి ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ దాని చుట్టూ పదిమంది పిల్లలం మూగేవాళ్లం, కరెంటు పోతే అరుగు మీద కూర్చుని ఆగిన చోటు నుంచి ఏం చేయాలో వాదించుకునేవాళ్లం. అన్నయ్య తెచ్చిన సీడీల్లో ‘ది నెవర్‌హుడ్’ అనే ఆట ఉండేది. అందులో మనుషులు, ఇళ్లు, తలుపులు, కొండలు అన్నీ బంకమట్టితో చేసినవే. కథానాయకుడు క్లేమెన్ నడుస్తున్నప్పుడు అతని ఒంటి మీద ఎవరివో వేలి గీతలు కనబడేవి, మరుక్షణం అవి కాస్త జరిగి ఇంకోచోట కనబడేవి. వినాయక చవితికి మా తాతయ్య కాలువ గట్టు మట్టితో బొమ్మ చేసినప్పుడు ఆయన బొటనవేలి గీతలు కూడా స్వామి బొజ్జ మీద అలాగే మిగిలేవి. అందుకేనేమో, ఇంగ్లీషు సరిగా రాని వయసులో కూడా ఆ ఆట నాకు పరాయి దేశపు వస్తువులా అనిపించలేదు.

2006 ఆగస్టు వరదలో ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ట్రంకుపెట్టెలో ఉన్నవన్నీ పోయాయనే అనుకున్నాం. మొన్న అటక సర్దుతుంటే ఒక ప్లాస్టిక్ సంచిలో ఆ సీడీ దొరికింది. దాని మీద ఎండిన ఒండ్రు పొర ఇంకా అలాగే ఉంది. తడి దూదితో నెమ్మదిగా, మధ్య నుంచి అంచుకు తుడిచి కంప్యూటర్‌లో పెడితే ఫైళ్లన్నీ కనబడుతున్నాయి గానీ ఆట మాత్రం మొదలుకావడం లేదు.

దీన్ని ఇప్పటి కంప్యూటర్‌లో ఆడటానికి మార్గం ఏమైనా ఉందా? నా అసలు సందేహం మాత్రం వేరు. గత ఏడాది నేను చిన్నప్పుడు ఆడిన మరో ఆట కొత్త రూపంలో మళ్లీ వచ్చిందంటే ఆశపడి కొన్నాను. బొమ్మలకు మైనం పూసి గుడ్డతో రుద్దినట్టు ముఖాలన్నీ నున్నగా మెరుస్తున్నాయి, అరగంటకే మూసేశాను. నెవర్‌హుడ్‌ను కూడా రేపు ఎవరైనా అలా తిరిగి విడుదల చేస్తే ఆ వేలి గీతలు మిగులుతాయా? పదకొండేళ్ల మా అమ్మాయికి పాతదే చూపించాలా, కొత్తది వచ్చేదాకా ఆగాలా?

నా వర్ణన విని మా అమ్మాయి అప్పుడే పని మొదలుపెట్టేసింది. వేసవి కదా, కాలువలు కట్టేశారు. అడుగున నెర్రెలు వారిన చోట మట్టి తవ్వి తెచ్చి, బొమ్మలు చేసి, ఫోనుతో ఒక్కొక్క ఫోటో తీస్తోంది. మధ్యాహ్నానికి చేతులు, సాయంత్రానికి మెడ విరిగిపోతున్నాయి. దీనికి ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.


పాతపెట్టె, భీమవరం

వైనతేయ గారికి నమస్కారం. మీ సీడీ బతికి ఉండటంలో వింతేమీ లేదు. సీడీలో ఎక్కువ భాగం పాలికార్బొనేట్ ప్లాస్టిక్, బురద దాన్ని ఏమీ చేయదు. సమాచారం చదవడానికి కావలసిన అల్యూమినియం పొర మనం అనుకున్నట్టు మెరిసే వైపున కాకుండా పేరు అచ్చువేసిన వైపున, పల్చటి పూత కింద ఉంటుంది. కాబట్టి ఆ వైపు గోరు కూడా తగలనివ్వకండి. వెంటనే ఫైళ్లన్నింటినీ కంప్యూటర్‌లోకి ఒకసారి, పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి నకలు తీసి పెట్టుకోండి.

తరువాత ‘స్కమ్‌విఎం’ అనే ఉచిత ప్రోగ్రామును దించుకోండి. లూకాస్‌ఆర్ట్స్ వారి పాత సాహస క్రీడలను ఆడుకోవడం కోసం 2001లో కొందరు ఔత్సాహికులు మొదలుపెట్టిన పని అది, 2014 నుంచి నెవర్‌హుడ్‌ను కూడా నడుపుతోంది. ఆట సీడీలో రెండు భాగాలు ఉంటాయి: బొమ్మలు, శబ్దాలు నిండిన ఫైళ్లు ఒకటి, వాటిని తెర మీద ఆడించే యంత్రాంగం రెండోది. కాలం చెల్లేది రెండోదానికే. స్కమ్‌విఎం ఆ యంత్రాంగాన్ని కొత్తగా రాసిపెట్టి, మొదటి భాగాన్ని మాత్రం మీ సీడీ నుంచే తీసుకుంటుంది. సీడీలో పేరు చివర ‘బీఎల్‌బీ’ అని ఉన్న పెద్ద ఫైళ్లు కొన్ని కనబడతాయి, వాటిని ఒక ఫోల్డరులో పెట్టి చూపిస్తే చాలు. ఫోనులో కూడా నడుస్తుంది గానీ, దయచేసి మొదటిసారి పెద్ద తెర మీదే చూపించండి.

కొత్తది వచ్చేదాకా ఆగాలా అని అడిగారు. నేను వెతికినంతవరకు ఏ ఆన్‌లైన్ దుకాణంలోనూ ఆ ఆట అమ్మకానికి కనబడలేదు, కాబట్టి మీ చేతిలో ఉన్నదే గట్టిది. 1996లో డగ్ టెన్నేపెల్ బృందం డ్రీమ్‌వర్క్స్ ఇంటరాక్టివ్ కోసం మూడు టన్నులకు పైగా మట్టి వాడి ఆ లోకాన్ని కట్టింది. మూడు టన్నులంటే మన లెక్కలో డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తాలు నలభై. ఆ మట్టి లోకాన్ని, అప్పుడప్పుడే వస్తున్న డిజిటల్ స్టిల్ కెమెరాలతో ఫోటోలు తీశారు. అంటే ఆ ఆటలో మీరు చూసేవి గీసిన బొమ్మలు కావు, ఎవరో నిజంగా నొక్కిన మట్టికి తీసిన ఫోటోలు.

మీ రెండో సందేహానికి జవాబు కూడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ ఫోటోలు 640 అడ్డం, 480 నిలువు చుక్కలకు, అంటే పిక్సెళ్లకు, కుదించి సీడీలోకి ఎక్కాయి. ఆ కొలతలో ఒక వేలి గీత వెడల్పు ఒకటి రెండు చుక్కలు మాత్రమే. అసలు ఫోటోలు గానీ, అసలు బొమ్మలు గానీ దొరకకపోతే పునర్విడుదల చేసేవారు సీడీలోని బొమ్మనే నాలుగింతలు పెద్దది చేయవలసి వస్తుంది. ఆ పనిని ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరుకే వదిలేస్తున్నారు, దానికి ఒకటి రెండు చుక్కల గీత దుమ్ములాగే కనబడుతుంది. దుమ్ము తుడవమని చెబితే అది వేలిముద్రను కూడా తుడిచేస్తుంది. మీరు కొన్న ఆటలో ముఖాలు మైనంలా మెరవడానికి కారణం బహుశా ఇదే.

అయితే మట్టితో పుట్టి, మంచి పునర్విడుదలలు పొందిన ఆట కూడా ఒకటుంది, చాలామందికి అందులో మట్టి ఉందనే తెలియదు. 1993 డిసెంబరులో వచ్చిన ‘డూమ్’లో ఆటగాడి రూపాన్ని, బారన్ ఆఫ్ హెల్, సైబర్‌డీమన్ అనే రాక్షసులను ఆ ఆట చిత్రకారుడు ఏడ్రియన్ కార్మాక్ మొదట మట్టితో చేశాడు. వాటిని ఒక తిరిగే పీట మీద పెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ ఎనిమిది దిక్కుల నుంచి వీడియో కెమెరాతో పట్టి, కంప్యూటర్‌లో చుక్క చుక్కగా దిద్దారు. కానీ దీపాల వేడికి మట్టి నిలవలేదు. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు మార్చేసరికి బొమ్మ ఆకారం చెడిపోయేది. చివరకు గ్రెగర్ పంచాట్జ్ అనే నిపుణుడి చేత లోహపు ఎముకల మీద లేటెక్స్ రబ్బరు చర్మం తొడిగిన బొమ్మలు చేయించుకున్నారు. కాబట్టి మెడ విరిగిపోతోందని మీ అమ్మాయి బెంగపడనక్కరలేదు, ఆ సమస్య ఎదురైనవారిలో చాలా గొప్పవాళ్లు ఉన్నారు.

డూమ్ మూల సంకేతాన్ని, అంటే ఆటను నడిపే ప్రోగ్రాము రాత అయిన సోర్స్ కోడ్‌ను, 1997లో అందరికీ ఇచ్చేశారు. దానివల్ల ఆ ఆటను కొత్త యంత్రాల మీదికి తేవడం పొలం గట్టు దాటినంత సులభమైంది. 2024 ఆగస్టులో నైట్‌డైవ్ స్టూడియోస్ చేతుల మీదుగా వచ్చిన పునర్విడుదల చూస్తే రాక్షసుల ఒంటి మీద ఆ గరుకుదనం అలాగే ఉంది, ఎవరూ ఇస్త్రీ చేయలేదు.

పాత ఆట ఏది కొన్నా ఒక్క విషయం మాత్రం పరిశీలించండి. డూమ్ 320 అడ్డం, 200 నిలువు చుక్కల ఆట. ఆనాటి గాజు బుడ్డి మానిటర్ ఆ బొమ్మను నాలుగుకు మూడు నిష్పత్తిలోకి సాగదీసి చూపేది కాబట్టి ఒక్కొక్క చుక్క వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా ఉండేది, చిత్రకారులు అది తెలిసే బొమ్మలు దిద్దారు. శ్రద్ధలేని పోర్టుల్లో, అంటే కొత్త యంత్రాల మీదికి తెచ్చిన కూర్పుల్లో, చుక్కను చతురస్రంగా చూపించేస్తారు. దానితో బొమ్మ ఎత్తులో ఆరో వంతు పోయి, రాక్షసుడు కాస్తా పెళ్లి భోజనం చేసి వచ్చిన పెద్దమనిషిలా పొట్టిగా, లావుగా తయారవుతాడు. సెట్టింగులలో నిష్పత్తిని సరిచేసే అవకాశం ఉంటే ముందు అదే నొక్కండి. నునుపు చేసే ఫిల్టరు ఏదైనా ఉంటే ఆపేయండి.


కుంచె మాస్టారు, పాలకొల్లు

అమ్మా, బొమ్మ విరిగిపోయే సంగతి నేను చెబుతాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు డ్రాయింగ్ చెబుతున్నాను, వినాయక చవితి ముందు నెలరోజులు మట్టి బొమ్మల శిక్షణ కూడా ఇస్తుంటాను.

మన కాలువ అడుగున దొరికేది ఒండ్రు. అందులో సన్నని బంకమట్టి రేణువుల మధ్య నీరు పొరలు పొరలుగా పట్టి ఉంటుంది. నీరు ఆవిరైనకొద్దీ రేణువులు దగ్గరకు జరిగి బొమ్మ మొత్తం కుంచించుకుపోతుంది. సన్నగా ఉన్న మెడ, చేయి ముందు ఎండుతాయి, లావుగా ఉన్న మొండెం తరువాత ఎండుతుంది, ఆ రెండూ కలిసే చోట బీట వారుతుంది. వినాయకుడి బొమ్మలు చేసేవారు మట్టిలో కొబ్బరి పీచు గానీ, సన్నగా తరిగిన వరిగడ్డి గానీ కలిపి తొక్కేది ఇందుకే. అయినా ఆ ఉపాయం ఒకచోట కూర్చోబెట్టే బొమ్మకే పనికి వస్తుంది. మీ అమ్మాయి బొమ్మ రోజంతా కదలాలి. పీచు కలిపిన మట్టిని వంచితే మోచేతి దగ్గర మీసాలు మొలుస్తాయి.

ఈ ఇబ్బంది మాలాంటి ఒక డ్రాయింగ్ మాస్టారికే మొదట వచ్చిందంటే మీరు నమ్మాలి. ఇంగ్లండులోని బాత్ నగరంలో విలియం హార్బట్ అనే కళాధ్యాపకుడు, విద్యార్థుల చేతిలో ఎండిపోని మట్టి కావాలని 1897లో ప్లాస్టిసిన్‌ను తయారుచేశాడు. అందులో నీటికి బదులు పెట్రోలియం జెల్లీ, కొవ్వు ఆమ్లాల వంటివి ఉంటాయి కాబట్టి ఆరిపోయే ప్రసక్తి లేదు. సినిమాల్లో, ఆటల్లో మనం చూసే ‘మట్టి’ బొమ్మలు చాలావరకు ఈ జాతివే. వాలెస్, గ్రోమిట్ బొమ్మలు చేసే ఆర్డ్‌మన్ స్టూడియో వాడుతూ వచ్చిన న్యూప్లాస్ట్ కూడా అటువంటిదే. దాన్ని తయారుచేసే కార్ఖానా 2023లో మూతపడింది. పాత ఆటలు దొరకడం లేదని మనం బాధపడుతున్నాం, ఆ మట్టే దొరకని రోజు కూడా వస్తుందేమోనని నాకు అప్పుడు అనిపించింది.

బజారులో పిల్లల రంగు మట్టి కడ్డీలు దొరుకుతాయి, వాటితోనే మొదలుపెట్టండి. లోపల తప్పకుండా తీగ ఉండాలి. ఇనప తీగ వద్దు, తిరిగి తిరిగి వంచితే విరుగుతుంది, మన తేమకు తుప్పు కూడా పడుతుంది. మెత్తని అల్యూమినియం తీగను రెండు పేటలుగా పురిపెట్టి మనిషి ఆకారం చేసి, దాని మీద పల్చగా మట్టి వేయాలి. కడుపులో థర్మాకోల్ ముక్క పెడితే బరువు తగ్గి బొమ్మ కాళ్ల మీద నిలుస్తుంది. పాదాలలో చిన్న బోల్టు నట్టు పెట్టి కింద అట్టలో రంధ్రం గుండా బిగిస్తే నడిచేటప్పుడు పడిపోదు. మన మే నెల ఎండకు ఈ మట్టి వెన్నలా మెత్తబడుతుంది, కాబట్టి ఒక్కొక్క దృశ్యానికి ముందు బొమ్మ తలను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. మట్టి బొమ్మలవారు సాధారణంగా ఒక భంగిమను రెండు ఫ్రేములపాటు నిలుపుతారు, అంటే సెకనుకు 12 భంగిమలు, నిమిషానికి 720. పదకొండేళ్ల పిల్లకు నిమిషం చాలా పెద్ద లక్ష్యం. నాలుగు సెకన్లు, 48 భంగిమలు తీయమనండి. నిక్ పార్క్ తన మొదటి వాలెస్ చిత్రాన్ని 1982లో విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టి 1989లో గానీ పూర్తిచేయలేకపోయాడు.

బొమ్మకన్నా వెలుతురు ఎక్కువ ఏడిపిస్తుంది. కిటికీ దగ్గర తీస్తే మబ్బు వచ్చిపోయినప్పుడల్లా చిత్రం మినుకుమంటుంది, కాబట్టి కిటికీ మూసి, రెండు ఎల్‌ఈడీ బల్బులు కదలకుండా పెట్టుకోవాలి. ఫోను తనంతట తాను వెలుతురును, రంగును సరిచేసుకోకుండా ఎక్స్‌పోజర్‌ను, వైట్ బ్యాలెన్స్‌ను తాళం వేసి ఉంచాలి. ఫ్యాను ఆపాలి. మే నెలలో తలుపులు మూసి, ఫ్యాను ఆపి గంటసేపు కూర్చోమంటే మీ అమ్మాయికి ఈ కళ మీద ఉన్నది సరదానో ఇష్టమో ఆ గంటలోనే తేలిపోతుంది.

వేలిముద్రల గురించి ఒక మాట. మా పిల్లలు మొదట్లో ప్రతి ఫోటోకూ ముందు బొమ్మను తడి వేలితో నున్నగా రుద్దేవారు. నేను వద్దంటాను. రుద్దినా ముద్ర పోదు, చోటు మారుతుంది, అదీ గాక రుద్దిన ప్రతిసారీ ముక్కు కాస్త అరుగుతుంది. ఇరవై ఏళ్ల కిందట, అప్పటి మన చిత్తూరు జిల్లా కంపెనీ అమరాన్ బ్యాటరీల కోసం టీవీలో మట్టి బొమ్మల ప్రకటనలు వచ్చేవి, గుర్తుండే ఉంటాయి. ఆ బొమ్మలు కదులుతుంటే చర్మం సన్నగా మరిగినట్టు కనబడేది. ఒక మనిషి ఆ బొమ్మను ఫోటోకు ఫోటోకు మధ్య ముట్టుకున్నాడనడానికి ఆ మరుగుడే సాక్ష్యం. కంప్యూటర్‌లో తయారైన బొమ్మకు మట్టి రంగు, మట్టి మెరుపు అన్నీ పూయగలుగుతున్నారు గానీ, ఆ మరుగుడు దగ్గర చాలామంది తేలిపోతున్నారు.


ఏటిగట్టు, యానాం

పెద్దలిద్దరూ చెప్పినది చదివి చాలా నేర్చుకున్నాను. అయినా పాతపెట్టె గారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను, మన్నించాలి.

నాకు ఇరవై ఆరేళ్లు. నెవర్‌హుడ్ వచ్చేనాటికి నేను పుట్టలేదు. పాత ఆటల్లో నేను ప్రేమించినవన్నీ పునర్విడుదలల ద్వారానే నా దగ్గరకు వచ్చాయి. సీడీ భద్రంగా ఉన్నవారికి ‘పాతదే చూడండి’ అనడం సులభం. అటకే లేని ఇంట్లో పుట్టినవాడు ఏం చేయాలి? అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మామూలు మార్గంలో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. మిగిలిన 13 శాతంలో మైనం పూసినవి కొన్ని ఉంటే ఉండనివ్వండి, అసలు కనబడకుండా పోయిన వాటికన్నా అవే నయం.

మట్టి బొమ్మల ఆటల్లో దీనికి మంచి ఉదాహరణ ‘క్లేఫైటర్’ వరుస. 1993లో సూపర్ నింటెండో అనే టీవీ గేమ్ యంత్రం మీద మొదటిది వచ్చింది, మంచుమనిషి, విదూషకుడు వంటి మట్టి బొమ్మలు ఒకరినొకరు చితకబాదుకుంటారు. 1997లో నింటెండో 64 మీద వచ్చిన భాగాన్ని మరుసటి ఏడాది దిద్ది, ‘స్కల్ప్టర్స్ కట్’ పేరుతో మళ్లీ విడుదల చేశారు. దాన్ని అమ్మలేదు, అమెరికాలోని బ్లాక్‌బస్టర్ దుకాణాల్లో అద్దెకు మాత్రమే ఇచ్చారు. గంటకు ఇంతని టీవీ గేమ్ షాపుల్లో అద్దె కట్టి ఆడిన మా బాబాయి ఈ సంగతి విని, ‘అయితే అమెరికా వాళ్లు కూడా మన యానాం వాళ్లేనన్నమాట!’ అన్నారు. సరదా మాట పక్కన పెడితే, అలా పరిమితంగా వదిలిన ప్రతులు ఇప్పుడు సేకర్తల బీరువాల్లోకి వెళ్లిపోయాయి. పునర్విడుదల లేకపోతే ఆ మట్టిని చూసే హక్కు డబ్బున్నవాడిదే అవుతుంది.

ఇంకో సంగతి. మా అమ్మకు ఒక చెవి సరిగా వినబడదు. పాత ఆటలు చాలావాటిలో సంభాషణలకు కింద అక్షరాలు ఉండవు, ఉన్నా చీమల్లా ఉంటాయి. పునర్విడుదలల్లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. పాతదా, కొత్తదా అని తగవు పడనక్కరలేకుండా చేసినవారు కూడా ఉన్నారు. 2009లో ‘మంకీ ఐలాండ్’ మొదటి ఆటను కొత్త బొమ్మలతో తెచ్చినప్పుడు, ఒక్క మీట నొక్కితే తెర మొత్తం 1990 నాటి రూపంలోకి మారిపోయే ఏర్పాటు చేశారు. నేను కథ కంటే ఆ మీటతోనే ఎక్కువ ఆడుకున్నాను. నెవర్‌హుడ్‌కు అలాంటి పునర్విడుదల వస్తే వైనతేయ గారి అన్నయ్య కూడా కాదనరు.

చేతి మట్టి పని పాతకాలంతో ఆగిపోలేదని కూడా చెప్పాలి. జర్మనీలోని కొలోన్ నగరపు బృందం చేసిన ‘హెరాల్డ్ హాలిబట్’ 2024లో వచ్చింది. మనుషులను, గదులను, కుర్చీలను చేతితో చేసి, వాటిని అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించి అక్కడ కదిలించారు. పదేళ్లకు పైగా పట్టింది. కుంచె మాస్టారు చెప్పిన మరుగుడు అందులో ఉండదు, ఎందుకంటే కదలిక చేతితో చేసినది కాదు. అయినా ఒక బల్ల అంచున రంగు పెచ్చు లేచిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను.


పాతపెట్టె, భీమవరం

ఏటిగట్టు గారి మాట కాదనలేను. అటక ఉన్నవాడి ధీమాతో రాశానని ఒప్పుకుంటున్నాను. పునర్విడుదల వద్దన్నది నా ఉద్దేశం కాదు, కొత్తది వచ్చిందని పాతదాన్ని దుకాణం నుంచి తీసేయడమే నాకు గిట్టదు. 1997 నాటి ‘బ్లేడ్ రన్నర్’ ఆటకు మూల సంకేతం పోయింది. 2022లో ‘మెరుగుపరచిన కూర్పు’ పేరుతో వచ్చినది బొమ్మలో పాతదానికన్నా వెలవెలబోయింది, పైగా అప్పటిదాకా విడిగా దొరుకుతున్న పాత కూర్పును పక్కన పెట్టారు. అభిమానులు గోల చేసిన తరువాత పాతదాన్ని తిరిగి అమ్మకానికి ఉంచారు. ఆ పాతది నడిచేది కూడా స్కమ్‌విఎం మీదే. నేను పొగిడిన డూమ్‌ను తెచ్చిన నైట్‌డైవే ఈ పని కూడా చేసిందని చెప్పకపోతే అన్యాయం. చేసేవారి నైపుణ్యం ఒక్కటే చాలదు, వారి చేతికి అందిన మూలం ఎంత మిగిలి ఉందన్నదాని మీద ఫలితం ఆధారపడుతుంది.

మూలం మిగలడం కూడా చాలాసార్లు మన సీడీ కథలాగే ఉంటుంది. 1989 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ మూల సంకేతం పోయిందనుకున్న ఆ ఆట సృష్టికర్త జోర్డన్ మెక్నర్‌కు, 2012లో వాళ్ల నాన్నగారు ఇంట్లో సామాను అడుగు నుంచి పాత డిస్కుల పెట్టె ఒకటి తీసి పంపారు. మెక్నర్ ఆ డిస్కులను చదివించి, సంకేతాన్ని అందరికీ కనబడేలా పెట్టాడు. అటకలు సర్దే ఆడవాళ్లకూ, ఏదీ పారేయని తండ్రులకూ ఈ రంగం చాలా రుణపడి ఉంది.


వైనతేయ, పి.గన్నవరం దగ్గర లంక గ్రామం

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి.

ఆట నడిచింది. ఫైళ్లు నకలు తీస్తున్నప్పుడు ఒకచోట సీడీ చాలాసేపు గిరగిర తిరుగుతూ ఆగిపోయింది, మళ్లీ తీసి తుడిచి పెడితే పూర్తయింది. పైకి కనబడని చోట, మధ్య రంధ్రం అంచున ఇంకా కొంచెం ఒండ్రు ఉండిపోయిందట, మా అమ్మాయి పుల్లతో తీసింది. ఆటకు సంగీతం కట్టిన టెర్రీ స్కాట్ టేలర్ పాట మొదలవగానే నేను తలుపు వైపు చూశాను, కరెంటు పోతుందేమోనని. ఆ అలవాటు ఇన్నేళ్లకూ పోలేదు. అన్నయ్యకు వీడియో కాల్ చేసి చూపించాను. ఆయన మొదట అడిగింది ఆ పొడవాటి గోడల హాలు గురించే, అడుగడుగునా గోడ నిండా రాతలుండి, ఎంత నడిచినా తరగనిది. మేమెవ్వరం అప్పట్లో దాన్ని చదవలేదు, పరుగెత్తి దాటేసేవాళ్లం. మా అమ్మాయి మాత్రం ఆగి ఒక్కొక్కటే చదువుతోంది, రెండు రోజులైనా సగానికి రాలేదు.

పాతపెట్టె గారు చెప్పినట్టు నునుపు చేసే ఫిల్టరును ఒకసారి పెట్టి, ఒకసారి తీసి పక్కపక్కనే పోల్చి చూశాను. పెట్టినప్పుడు క్లేమెన్ భుజం సబ్బుబిళ్లలా ఉంది. తీసేశాక, నాకు గుర్తున్న చోట కాదు గానీ కాస్త కిందగా, మోచేతి మీద వేలి గీతలు కనబడ్డాయి. ఏటిగట్టు గారు చెప్పిన మీట లాంటిది నాకు నేనే చేసుకున్నట్టయింది. మా అత్తగారికి కూడా చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకొని, ‘ఎవరిదో గాని చేయి పెద్దదే’ అన్నారు.

మాస్టారు గారూ, మీ లెక్క ప్రకారం 48 భంగిమలకు కూర్చున్నాం. కాలువ మట్టిని పూర్తిగా వదలడానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు, కాబట్టి నేల, గట్టు, కొబ్బరిచెట్టు మాను కాలువ మట్టితోనూ, మనిషి మాత్రం తీగ మీద రంగు మట్టితోనూ చేశాం. నేల బీటలు వారితే వారనీ, వేసవి కాలువ అలాగే ఉంటుంది కదా అని తన వాదన, దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. తీరా చూస్తే 30వ ఫోటో నుంచి ఆ బీటలు తమంతట తామే పెరుగుతూ వచ్చాయి. మనిషి నాలుగు అడుగులు వేసేలోపల అతని కాళ్ల కింద నేల నెర్రెలు విచ్చుకోవడం మేము చేసిన పని కాదు, అయినా మొత్తం చిత్రంలో బాగా కుదిరింది అదే. ఒక ఫోటోలో మా అమ్మాయి బొటనవేలు కూడా అంచున పడింది. తీసేద్దామంటే వద్దంది.

ఈలోగా కాలువకు నీళ్లు వదిలారు. మేము మట్టి తవ్విన చోటు మునిగిపోయింది, కాబట్టి రెండో దృశ్యానికి నేల రంగు కలవడం కష్టమే. ఉన్న ఉండను తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టాం. అది ఎన్నాళ్లు ఆగుతుందో మాస్టారు గారు చెప్పగలరు. మనిషి తల ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉంది. నిన్న రాత్రి మజ్జిగ కోసం తలుపు తీసిన మా మామగారు దాన్ని చూసి మళ్లీ మూసేశారు. ఇప్పుడు దాని మీద ఒక టీ గ్లాసు బోర్లించాం.